అబిగెయిల్ నేర్పిన కేక

మా నర్సింగ్ కాలేజీ వరండాలో అబిగెయిల్ నడిచొస్తుంటే జూనియర్లు గోడకంటుకుని దారి ఇస్తారు. ప్రిన్సిపాల్ మేడమ్‌కి కూడా అంత మర్యాద దక్కదు. ప్రిన్సిపాల్ మేడమ్ తలుచుకుంటే ఫెయిల్ చేయించగలదు గానీ పాస్ చేయించలేదు. అబిగెయిల్ చేయించగలదు. తను నాలుగో సంవత్సరం చదువుతూ, కింది తరగతుల పిల్లల్ని ఎమర్జెన్సీ కేర్ ప్రాక్టికల్ గట్టెక్కించడం ఆ పిల్ల పని. మా కాలేజీ దానికి పీర్ మెంటరింగ్ అని పేరు పెట్టింది. అంటే తోటి విద్యార్థే గురువు. టీచర్లు చాలని కాలేజీలకి ఇలాంటి గొప్ప ఆలోచనలు త్వరగా వస్తాయి.

నా పేరు మాణిక్యాంబ. కాకినాడ దాన్ని. గురుగ్రామ్ శివార్లలో ఉన్న ఈ కాలేజీలో స్కిల్స్ ల్యాబు నేను చూసుకుంటాను. పిల్లలు రేపు రోగుల మీద చేయబోయే పనులన్నీ ముందు బొమ్మల మీద చేసి నేర్చుకునే గది అది. నా నోరు మంచిది కాదని ఇక్కడ అందరికీ ఒక అభిప్రాయం ఉంది. ఉన్నమాటంటే ఎవరికీ పడదు, దానికి నేనేం చేయను.

అబిగెయిల్‌ని నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. వాళ్ళమ్మ ఆనందకుమారిది నరసాపురం దగ్గర. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. కాపురం సరోజినీ నగర్ క్వార్టర్లో. మేమంతా ఒకే తెలుగు చర్చికి వెళతాం. అక్కడ అబిగెయిల్ నన్ను ఆంటీ అంటుంది, కాలేజీలో మేడమ్ అంటుంది, ఈ రెండూ ఎప్పుడూ తారుమారు కానివ్వదు. ఢిల్లీలోనే పుట్టిన పిల్ల కాబట్టి అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. ప్రార్థన మాత్రం తెలుగులోనే చేస్తుంది. దేవుడికి హిందీ రాదని అనుకుంటుందేమో, ఎప్పుడూ అడగలేదు.

సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పే పోటీ పెడితే బహుమతి అబిగెయిల్‌దే. కాస్త పెద్దయ్యాక, తను చిన్న పిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది. అప్పుడు బహుమతులన్నీ ఆ పిల్లలకి వచ్చాయి. ఏ మాట దగ్గర ఆగాలి, ఎక్కడ తల పైకెత్తాలి, పాస్టరు గారి కళ్ళలోకి ఎప్పుడు చూడాలి, అన్నీ నేర్పేది. ఒక్క అర్థం తప్ప. ఒకసారి ఒక బుడతడు వాక్యమంతా గడగడా చెప్పి, దిగిపోతూ, 'అక్కా, వ్యభిచారం అంటే ఏంటి' అని మైకులో అడిగాడు. అబిగెయిల్ తొణకలేదు. 'మార్కులు అయిపోయాయి, దిగు' అంది. ఆ రోజే ఈ పిల్ల పైకొస్తుందని నాకు అర్థమైంది.

నర్సింగులో చేరాక ఆ విద్య మహా అక్కరకొచ్చింది. మా ప్రాక్టికల్ పరీక్ష ఎలా ఉంటుందో చెప్పాలి. నేల మీద ఒక రబ్బరు మనిషి పడుకుని ఉంటాడు. పిల్లలు వాడిని అంకుల్ జీ అంటారు. అంకుల్ జీ గుండె ఆగిపోయిందని అనుకోవాలి. భుజం తట్టి పలకరించాలి, సహాయానికి ఎవరినైనా పిలవాలి, ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి, ఛాతీ నొక్కాలి. ఎగ్జామినర్ చేతిలో కాగితం ఉంటుంది. ఒక్కో పనికి ఒక్కో గడి. అయితే పరీక్ష గదిలోకి నిజంగా ఎవరినీ పిలవలేరు గనక, పిలుస్తున్నానని నోటితో చెబితే చాలు, టిక్కు పడుతుంది. ఇంగ్లీషులో 'అయామ్ కాలింగ్ ఫర్ హెల్ప్' అనాలి. ఛాతీ నొక్కడమూ అంతే. నాలుగుసార్లు నొక్కి, 'ఐ విల్ కంటిన్యూ' అంటే ఎగ్జామినర్ 'నెక్స్ట్' అంటారు. భోజనాల వేళకి బ్యాచ్ మొత్తం అయిపోవాలి కదా.

అందరూ దాన్ని ఒక చిన్న వెసులుబాటుగా చూస్తే, అబిగెయిల్ అసలు సబ్జెక్టే అదని కనిపెట్టింది. చేయడం ఎవరైనా చేస్తారు, చెప్పేవాళ్ళకే మార్కులు. తన దగ్గరకొచ్చిన పిల్లలకి ఆ చెప్పడమే నేర్పింది. డిప్లొమా పిల్లలు, డిగ్రీ పిల్లలు, ఆమె చేయి పడినవాళ్ళెవరూ తప్పలేదు. డిప్లొమా వాళ్ళయితే పాసై, గురుగ్రామ్‌లో, నోయిడాలో ఆసుపత్రుల్లో ఉద్యోగాల్లో కూడా చేరిపోయారు. ప్రిన్సిపాల్ మేడమ్ అబిగెయిల్ ఫోటో కాలేజీ బ్రోచర్‌లో వేయించింది. ఫోటోలో అంకుల్ జీ కూడా ఉన్నాడు, ఆయన మొహంలోనే కాస్త అనుమానం కనిపిస్తుంది.

అలాంటి అబిగెయిల్ చేతిలో భవ్యశ్రీని పెట్టారు.

భవ్యశ్రీ వాళ్ళ నాన్న సదాశివరావు గురుగ్రామ్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. కరీంనగర్ వాళ్ళు. ఎత్తైన అపార్ట్‌మెంటు, గేటు దగ్గర సెల్యూట్ కొట్టే గార్డులు. అలాంటి ఇంటి పిల్ల నర్సింగ్ చదువుతానని పట్టుబట్టింది. ఎందుకే తల్లీ అని నేనే ఒకసారి అడిగాను. 'నాకు మనుషుల దగ్గరుండే పని గావాలె మేడమ్. మా ఇంట్ల అందరు లాప్‌టాప్ల దగ్గరుంటరు' అంది. వాళ్ళ నాన్నకి మాత్రం తన కూతురు పరాయివాళ్ళ మంచాలు సర్దడం అస్సలు ఇష్టం లేదు. ఎప్పుడు తప్పుతుందా, ఎప్పుడు ఇంటికి తీసుకుపోదామా అని కాచుకుని ఉన్నాడు.

ఆ పిల్ల ఆయనకి రెండుసార్లు ఆశ కల్పించింది. మొదటి పరీక్షలో అంకుల్ జీని చూడగానే నిజం మనిషే పడి ఉన్నాడనుకుందో ఏమో, పలకరించి, పలక్కపోయేసరికి తలుపు తీసుకుని వరండాలోకి పరిగెత్తి 'కోయీ హై? జల్దీ ఆవో' అని అరిచింది. గేటు దగ్గరి గార్డు మంటలార్పే సిలిండరు భుజాన వేసుకుని వచ్చాడు. క్యాంటీన్ భయ్యా గరిటెతో సహా వచ్చాడు. వీళ్ళందరినీ వెంటేసుకుని ఆమె గదిలోకి తిరిగొచ్చి, అంకుల్ జీ ఛాతీ మీద పడి, లోపలి స్ప్రింగు కిర్రుమనేదాకా నొక్కింది. ఎగ్జామినరమ్మ కుర్చీలో ముడుచుకుపోయింది. అభ్యర్థి పరీక్ష గది విడిచి పారిపోయింది అని రాసి సున్నా వేసింది. రెండోసారి భవ్యశ్రీ భయపడి నోరే విప్పలేదు. చేతులతో అన్నీ చేసింది, చెప్పలేదు. చెప్పని పనికి మా దగ్గర మార్కుల్లేవు. మూడోసారి కూడా తప్పితే కోర్సులోంచి పంపేస్తారు. అది మా కాలేజీ నిబంధన.

సదాశివరావు గారు ఒకరోజు ఆఫీసు క్యాబులో వచ్చి అబిగెయిల్‌ని కలిశారు.

'అమ్మా, నువ్వు మంచిగ చెప్తవంట. చెప్పు. గీసారి గూడ గాకపోతే నేను బాధపడ. మా ఆఫీసుల ఏదో ఒక సీట్ల కూసోబెడ్త' అన్నారు.

'అంకుల్, మీ ఆఫీసులో ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేయండి' అంది అబిగెయిల్. దాని పొగరు చూసి నాకు ఒళ్ళు మండింది గానీ, లోపల్లోపల ముచ్చటేసింది. ఆ క్షణం నుంచి భవ్యశ్రీ పాసవడాన్ని తన పంతంగా పెట్టుకుంది.

నా ల్యాబులోనే నేర్పేది. నేను బీరువాలు సర్దుకుంటూ వినేదాన్ని.

'పరిగెత్తకు. కాళ్ళు కట్టేసుకో. ఎగ్జామినర్ కళ్ళలోకి చూసి, మెల్లగా, స్పష్టంగా. అయామ్ కాలింగ్ ఫర్ హెల్ప్. ఆఖరి మాట దగ్గర గొంతు పడిపోకూడదు.'

'అక్కా, ఎవరినన్న పిలువాలె గదా?'

'పిలవక్కర్లేదే. పిలుస్తున్నానని చెప్పాలి. బోల్ దియా, హో గయా. చెప్పేస్తే అయిపోయినట్టే.'

'మరి ఎవరు రారు గదా?'

'రాకూడదు. ఎవరైనా బయటివాళ్ళు లోపలికొస్తే కాపీ కేసు. పరీక్ష క్యాన్సిల్. గుర్తుందా?'

భవ్యశ్రీకి అరిచే అలవాటు మాన్పించడానికి అబిగెయిల్‌కి తలప్రాణం తోకకొచ్చింది. ఆ పిల్ల అంకుల్ జీని తట్టగానే తల తలుపువైపు తిరిగిపోయేది. అబిగెయిల్ గడ్డం పట్టుకుని ఇటు తిప్పేది. ఛాతీ నొక్కడం మొదలుపెడితే ఆపేది కాదు. 'నాలుగు చాలు, స్ప్రింగు విరగ్గొడతావు, చేతులు తీసెయ్' అని లాగేది. కొన్నాళ్ళకి భవ్యశ్రీ దారికొచ్చింది. ఎలాంటి దారికంటే, క్యాంటీన్లో నా చేయి కాలి నేను 'అమ్మా' అంటే, పక్క బల్ల దగ్గర కూర్చుని నా కళ్ళలోకి చూస్తూ, 'అయామ్ కాలింగ్ ఫర్ హెల్ప్' అంది. గొంతు ఎంత నిబ్బరంగా ఉందో చెప్పలేను. నీళ్ళు మాత్రం నేనే పోసుకున్నాను.

'ఏమే అబిగెయిల్, రేపు బయట నిజంగా ఎవరైనా పడిపోతే ఈ పిల్లలేం చేస్తారు?' అని అడిగాను.

'బయట ఎగ్జామినర్ ఉండరు కదా మేడమ్' అంది. ఎంత లోతైన జవాబో, నేను మళ్ళీ బీరువాలోకి తల దూర్చాను.

పరీక్ష రోజు వచ్చింది. బయటి ఎగ్జామినర్ సీతారామయ్య గారు. ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేసి రిటైరై ఇక్కడే స్థిరపడిన గుంటూరు మనిషి. మాట పొదుపు, మార్కులు ఇంకా పొదుపు. లోపల ఆయనతో పాటు మా ప్రిన్సిపాల్ మేడమ్ కూర్చుంది. బయట వరండాలో పేర్లు పిలవడం నా వంతు. పాఠం నేర్పిన సీనియర్లు తలుపు దాటి లోపలికి రాకూడదు గనక అబిగెయిల్ నా పక్కనే నిలబడి ఉంది.

మధ్యాహ్నం అవుతుండగా ప్రిన్సిపాల్ మేడమ్ ఆయనతో, 'లంచ్ రెడీ సర్, ఈ బ్యాచ్ అవగానే తినేద్దాం' అంది. సీతారామయ్య గారికి షుగరు. లంచ్ రెడీ అన్నారు కదా అని ఆయన అక్కడే, క్రమశిక్షణ గల మనిషిలా, భోజనానికి ముందు తీసుకోవలసిన ఇన్సులిన్ తీసుకున్నారు. పాపం ఆయనకి మా కాలేజీ సంగతి తెలియదు. మా దగ్గర చెప్పడమంటే అయిపోయినట్టే లెక్క. లంచ్ ఇంకా కేటరింగువాడి బండిలో ట్రాఫిక్‌లో ఉంది. అది ఎంతదాకా వచ్చిందో కనుక్కోవడానికి ప్రిన్సిపాల్ మేడమ్ గేటు దగ్గరకెళ్ళింది. బ్యాచ్ సాగుతూనే ఉంది. ఆలస్యం పెరుగుతూనే ఉంది. భవ్యశ్రీ పేరు వచ్చింది.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. అబిగెయిల్ వైపు చూసింది. అబిగెయిల్ గడ్డం పైకెత్తి చూపించింది. భవ్యశ్రీ తన గడ్డం పైకెత్తుకుని లోపలికెళ్ళింది. నేను తలుపు మూశాను.

కాసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది. 'సర్, ఆర్ యూ ఓకే?' తర్వాత, నిబ్బరంగా, ప్రతి మాటా విడివిడిగా, 'అయామ్ కాలింగ్ ఫర్ హెల్ప్.'

అబిగెయిల్ నా చేయి గట్టిగా నొక్కింది. 'విన్నారా మేడమ్, చివరికి గొంతు ఎలా నిలబెట్టిందో.'

'అయామ్ కాలింగ్ ఫర్ హెల్ప్' అని మళ్ళీ వినిపించింది.

'రెండోసారి ఎందుకు చెబుతోందే?' అన్నాను.

'పెద్దాయన కదా, వినపడి ఉండదు. మంచిదే మేడమ్, రిపీట్ చేస్తే కాన్ఫిడెన్స్ కనబడుతుంది.'

మూడోసారి ఇంకాస్త గట్టిగా అంది. వరుసలో నిలబడ్డ పిల్లలు పెదవులు కదుపుతూ తామూ అనుకున్నారు. ఒకమ్మాయి, 'ఎంత బాగా అంటోందో' అని హిందీలో అసూయపడింది. అంతమందిమి, నర్సులం, నర్సులు కాబోయేవాళ్ళం, ఒక మనిషి సాయం కోసం పిలుస్తుంటే తలలూపుతూ విన్నాం.

అప్పుడు లోపల కుర్చీ పడిన చప్పుడైంది. ఆ వెంటనే భవ్యశ్రీ తెలుగులో అరిచింది. 'అక్కా, ఇగ చెప్పుడు గాదు, నిజంగ పిలుస్తున్న. సార్ పడిపోయిండు, రా.'

అబిగెయిల్ తలుపు తోసుకుని పరిగెత్తింది, వెనకే నేను. సీతారామయ్య గారు నేల మీద అంకుల్ జీ పక్కనే పడి ఉన్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. భవ్యశ్రీ అప్పటికే ఆయన్ని పక్కకి తిప్పి, కాలరు వదులుచేసి, నాడి పట్టుకుని ఉంది. ఆయన ఏదో గొణుగుతున్నారు గానీ అర్థం కావడం లేదు. 'బల్ల మీద ఇన్సులిన్ ఉన్నది, షుగర్ పడిపోయినట్టుంది మేడమ్. ముందు నటిస్తున్నరనుకున్న. పరీక్షల ఇది గూడ ఉందేమో అనుకున్న' అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చేయి మాత్రం నాడి మీదే ఉంది.

మా అబిగెయిల్ ఎమర్జెన్సీ ట్రాలీ దగ్గరకెళ్ళి, గ్లూకోజ్ అని రాసి ఉన్న సీసా తీసి పైకెత్తి పట్టుకుని, 'ఐ విల్ గివ్ గ్లూకోజ్' అంది. అని, అలాగే నిలబడింది. ఎవరైనా నెక్స్ట్ అంటారని చూస్తోందో ఏమో.

'అక్కా, గా సీసల నీళ్ళున్నయి. క్యాంటీన్ల చక్కెర తీసుకరాపో' అంది భవ్యశ్రీ. అవును, ఆ సీసాల్లో నీళ్ళు పోసి లేబుళ్ళు అంటించేది నేనే. పరీక్షకి లేబులు చాలు.

అబిగెయిల్ చక్కెర డబ్బా మొత్తం ఎత్తుకొచ్చింది. భవ్యశ్రీ ఆయన మింగగలుగుతున్నారో లేదో చూసుకుని, లేపి కూర్చోబెట్టి, చక్కెర నీళ్ళు కొద్దికొద్దిగా తాగించింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు. చుట్టూ చూశారు. మొదటి మాట, 'నా పెన్ను ఎక్కడ?' అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే లంచ్ కూడా వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ సంగతంతా విని గుండె పట్టుకుని, 'బయటివాళ్ళెవరూ చూడలేదు కదా?' అంది.

తిన్నాక ఆయన తన సంచిలోంచి మీటరు తీసి వేలు గుచ్చుకుని షుగరు చూసుకున్నారు. ఆసుపత్రికి వెళ్దాం, పరీక్ష వాయిదా వేద్దాం అని ప్రిన్సిపాల్ మేడమ్ ఎంత బతిమాలినా వినలేదు. మిగతా పిల్లలందరికీ పరీక్ష పెట్టారు. చివర్లో నేను ఉండబట్టలేక, 'భవ్యశ్రీ పాసైనట్టే కదా సర్?' అని తెలుగులోనే అడిగాను.

ఆయన కాగితం వైపు చూశారు. 'ఈ అమ్మాయి బొమ్మని ముట్టుకోలేదమ్మా. గడులన్నీ ఖాళీగా ఉన్నాయి.'

'బొమ్మని ముట్టుకోకపోతే ఏం సర్, మిమ్మల్ని బతికించింది కదా.'

'అయ్యుండొచ్చు. కానీ ఆ సమయంలో నేను స్పృహలో లేను. చూడని దానికి మార్కులెలా వేస్తాను?' అన్నారు. ఆయన మొహంలో చిరునవ్వు కోసం వెతికాను, లేదు. 'మళ్ళీ రమ్మనండి. మొదటినుంచి చేయమనండి' అన్నారు. ఈసారి ప్రిన్సిపాల్ మేడమ్ కూడా కుర్చీ లాక్కుని గట్టిగా కూర్చుంది.

భవ్యశ్రీ మళ్ళీ లోపలికెళ్ళింది. సదాశివరావు గారు అప్పటికే వచ్చి వరండా చివర నిలబడి ఉన్నారు, కూతుర్ని తీసుకుపోవడానికి కారు గేటు బయటే ఉంచారు. అబిగెయిల్ తలుపుకి చెవి ఆనించింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. పొద్దుటి పొగరంతా ఎక్కడికి పోయిందో.

'సర్, ఆర్ యూ ఓకే?' అని వినిపించింది. తర్వాత నిబ్బరంగా, విడివిడిగా, గొంతు ఎక్కడా జారకుండా, 'అయామ్ కాలింగ్ ఫర్ హెల్ప్.'

అబిగెయిల్ తలుపు గడియ మీద చేయి వేసింది. నేను ఆ చేయి పట్టుకున్నాను.

'ఏంటే నువ్వు. ఇది పరీక్షే. ఇప్పుడు లోపలికెళ్ళావంటే కాపీ కేసు, పిల్ల బతుకు నాశనమవుతుంది.'

'పరీక్షేనని ఎలా తెలుసు మేడమ్? ఇందాక కూడా ఇదే గొంతు' అంది. 'నేనే నేర్పాను. నిజమైనా అబద్ధమైనా ఒకేలా వినిపించేలా నేనే నేర్పాను. నాకే తెలియడం లేదు.'

ప్రిన్సిపాల్ మేడమ్ లోపలే ఉంది కదా అని చెప్పబోయాను, కానీ ఆవిడ ఉండీ ఏం చేస్తుందో నాకు తెలుసు. నా చేయి సడలింది. అబిగెయిల్ తలుపు తోసింది.

లోపల సీతారామయ్య గారు నిక్షేపంగా, పెన్ను పట్టుకుని కూర్చుని ఉన్నారు. భవ్యశ్రీ అంకుల్ జీ ఛాతీ మీద చేతులుంచి నొక్కుతోంది. తలెత్తి అబిగెయిల్‌ని చూసింది. ఆ చూపు నేను చూడలేకపోయాను. ఏడాది కష్టం, మూడో అవకాశం, గేటు దగ్గర కారు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. అయినా చేతులు ఆపలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ లేచి నిలబడింది. 'సర్, రూల్ ప్రకారం బయటి వ్యక్తి ప్రవేశిస్తే ఎగ్జామ్ క్యాన్సిల్' అంది.

సీతారామయ్య గారు అబిగెయిల్‌ని ఎగాదిగా చూసి, ఇంగ్లీషులో, 'ఎందుకొచ్చారు?' అని అడిగారు.

'పిలిచింది సర్' అంది అబిగెయిల్ తెలుగులో.

ఆయన కాగితం తిప్పి వెనక వైపు చదువుకున్నారు. ఆ వైపు ఎవరూ చదవరు. 'మేడమ్, చివరి గడిలో రెండో మనిషి వచ్చి అందుకోవాలని ఉంది. ఎప్పుడూ గాల్లోంచి వస్తాడు. ఈసారి తలుపులోంచి వచ్చాడు. రాకూడదని నా కాగితంలో లేదు' అన్నారు. తర్వాత అబిగెయిల్‌తో, 'ఇంకా నిలబడి చూస్తారేం? ఆ అమ్మాయి అలసిపోయింది. ఛాతీ అందుకోండి' అన్నారు.

అబిగెయిల్ మోకాళ్ళ మీద కూర్చుంది. భవ్యశ్రీ పక్కకి జరిగింది. అబిగెయిల్ చేతులు పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు నొక్కింది. నొక్కి, అలవాటు కొద్దీ, 'ఐ విల్ కంటిన్యూ' అని చేతులు తీసేసింది.

'కంటిన్యూ' అన్నారు సీతారామయ్య గారు.

అబిగెయిల్ నోరు తెరిచి చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఆ రోజు ఒక సంగతి చూశాను. ఎందరినో గట్టెక్కించిన మా అబిగెయిల్ తన జన్మలో వరుసగా ఐదోసారి ఒక ఛాతీ నొక్కి ఎరుగదు. కాసేపటికే మోచేతులు వంగిపోయాయి. రొప్పు వచ్చింది. అంకుల్ జీ ఛాతీ కాస్తే అణిగి, లేవడమే తెలియనట్టు అలా ఉండిపోయింది. జుట్టు మొహం మీద పడుతున్నా తీసుకోలేకపోతోంది.

సీతారామయ్య గారు భవ్యశ్రీ వైపు తిరిగారు. 'ఇది కూడా కాగితంలో ఉంది. రెండో మనిషి పని సరిగా ఉందో లేదో మొదటి మనిషి చూసి చెప్పాలి. మీ సీనియర్ చేస్తున్నది సరిపోతుందా?'

భవ్యశ్రీ నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది, చివరికి అబిగెయిల్ వీపు వైపు చూసింది. నాకైతే ఆ పిల్ల సరిపోతుందని అనేస్తుందేమోనని భయమేసింది. అన్నా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

'సరిపోదు సర్' అంది.

అని, వచ్చి అబిగెయిల్ ఎదురుగా మోకరించి, ఆమె చేతుల మీద తన చేతులు పెట్టింది. 'మోచేతులు వంచకక్కా. పైనుంచి రా' అంటూ కిందికి నొక్కింది. అబిగెయిల్ చేతులు ఆ రబ్బరు ఛాతీలోకి దిగిపోయాయి. స్ప్రింగు కిర్రుమంది.

'ఇంత లోతా?' అంది అబిగెయిల్. నిజంగానే అడిగింది.

'గింతనే అక్కా.'

సీతారామయ్య గారు టిక్కు పెట్టారు. ఆ రోజు నేను చూసిన చివరి టిక్కు అదే. భవ్యశ్రీ పాసైంది. సదాశివరావు గారు కూతుర్ని దగ్గరికి తీసుకుని, ఏమనాలో తోచక, 'మంచిది బిడ్డా, మంచిది' అని ఇంటికి తీసుకుపోయారు. తెల్లారి మళ్ళీ కాలేజీకి ఆయనే దింపారు. బయటి వ్యక్తి పరీక్షలో ప్రవేశించినందుకు ప్రిన్సిపాల్ మేడమ్ అబిగెయిల్‌కి రావలసిన ఉత్తమ మెంటర్ సర్టిఫికెట్ ఆపేసింది. బ్రోచర్లో ఫోటో మాత్రం తీయలేదు, అచ్చయిపోయింది కదా.

సర్టిఫికెట్ పోయినందుకు ఏడుస్తోందేమోనని నేను పరీక్షనాటి సాయంత్రమే వెతుక్కుంటూ వెళ్ళాను. వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఏడవడం లేదు. అంతకన్నా అధ్వాన్నంగా ఉంది మొహం.

'మేడమ్, నా దగ్గర పాసైన డిప్లొమా వాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడ డ్యూటీ చేస్తున్నారో తెలుసా? ఇద్దరు క్యాజువాలిటీలో ఉన్నారు. ఒకమ్మాయి నోయిడాలో ఐసీయూలో ఉంది' అంది.

నేనూ పక్కన కూర్చున్నాను. ఇంతసేపూ నవ్వొచ్చిన సంగతికి ఇక నవ్వు రాలేదు. అబిగెయిల్ ఫోను తీసి ఒక్కొక్కరికీ చేస్తూ కూర్చుంది. నోయిడా అమ్మాయి మొదట ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తాక ఆ పిల్ల గొంతు నాకూ వినిపించింది, ఎంత సంబరంగా ఉందో.

'ఏంటి దీదీ, మళ్ళీ ఎవరైనా ఫెయిలయ్యారా?'

'అవును. నేనే' అంది అబిగెయిల్. 'రేపు డ్యూటీ దిగగానే ల్యాబుకి రా. మిగతావాళ్ళు కూడా వస్తున్నారు. భవ్యశ్రీ నేర్పుతుంది.'